వడపోతకు నిలవని డైరీ

బ్లాగుల చరిత్ర ఎవరు రాసినా దాదాపు ఒకే వరసలో నడుస్తుంది. 1997 డిసెంబరులో జోర్న్ బార్జర్ అనే అమెరికన్, తాను రోజూ వెబ్‌లో చూసిన పేజీల్లో నచ్చినవాటి లంకెలను ఒకచోట పేర్చే తన పేజీకి 'వెబ్‌లాగ్' అని పేరు పెట్టాడు. 1999లో పీటర్ మెర్‌హోల్జ్ ఆ మాటను సరదాగా రెండుగా విరిచి 'వి బ్లాగ్' అన్నాడు. 'వి' రాలిపోయి బ్లాగు మిగిలింది. అదే ఏడాది ఆగస్టులో పైరా ల్యాబ్స్ అనే చిన్న కంపెనీ 'బ్లాగర్'ని విడుదల చేసింది. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత యుద్ధం మీద వాదించుకునే బ్లాగులు వెల్లువెత్తాయి. 2003 ఫిబ్రవరిలో గూగుల్ బ్లాగర్‌ని కొనుక్కుంది. 2004 అమెరికా అధ్యక్ష ఎన్నికలనాటికి పత్రికలవాళ్లు బ్లాగర్లను లెక్కచెయ్యక తప్పలేదు. ఈ కథలో పేరు పెట్టినవాడు, విరిచినవాడు, వాదించినవాడు అందరూ మగవాళ్లే. పైరా ల్యాబ్స్‌ని ఎవన్ విలియమ్స్‌తో కలిసి స్థాపించిన మెగ్ హౌరిహాన్‌ని కూడా చాలాచోట్ల అరవాక్యంతో సరిపెడతారు.

నా పేచీ ఈ వరసలో ఆడవాళ్ల పేర్లు తక్కువయ్యాయన్న దాని గురించి మాత్రమే కాదు. ఇది ఎక్కడ మొదలవుతోందన్న దాని గురించి. 1995 జనవరిలోనే కెనడాలో కేరొలిన్ బర్క్ తన డైరీని వెబ్‌లో పెట్టడం మొదలుపెట్టింది. అంతకు ఏడాది ముందు జస్టిన్ హాల్ అనే కాలేజీ కుర్రాడు తన జీవితాన్ని వెబ్ పేజీలకెక్కించాడు. అంటే 'వెబ్‌లాగ్' అనే పేరు పుట్టేనాటికే డైరీ అక్కడ ఉంది. కానీ చరిత్రకారులు డైరీని పూర్వరంగంలో పెట్టి, లంకెల జాబితాతో అసలు నాటకం మొదలైందన్నారు. డైరీ మగవాడు రాసినా అంతే. కిందికి నెట్టింది ప్రక్రియని. ఆ ప్రక్రియలో ఎక్కువగా రాసేది ఆడవాళ్లు కాబట్టి, దెబ్బ ఎక్కువగా తగిలింది వాళ్లకే.

మనకిది కొత్త అనుభవం కాదు. తెలుగులో తొలి కథానిక 1910లో వచ్చిన గురజాడ 'దిద్దుబాటు' అని తరాలపాటు పాఠం చెప్పుకున్నాం. భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' 1902లోనే అచ్చయింది. అది లెక్కకు రాకపోవడానికి తేదీ తెలియకపోవడం ఒక్కటే కారణం కాదు. కథానిక అంటే ఫలానా విధంగా ఉండాలని ముందే అనుకుని, దానికి సరిపోయినదాన్ని మొదటిదిగా ఎంచుకున్నాం. బ్లాగు విషయంలోనూ జరిగింది ఇదే. లంకెలున్నదే బ్లాగు అని నిర్వచించి, లంకెలు పెట్టినవాళ్ల దగ్గర్నుంచి చరిత్ర మొదలుపెట్టారు.

బ్లాగుల్లో రకాల గురించి తొలిరోజుల్లో స్పష్టంగా రాసిన మనిషి రెబెకా బ్లడ్. 2000 సెప్టెంబరులో ఆమె రాసిన వ్యాసం ఇప్పటికీ చదవదగ్గది. 1999 మొదట్లో తెలిసిన వెబ్‌లాగుల జాబితాలో ఉన్నవి 23 మాత్రమేనని ఆమె చెబుతుంది. వాటిని నడిపినవాళ్లందరికీ వెబ్ పేజీ తయారుచెయ్యడం స్వయంగా తెలుసు. వెబ్‌లో కుప్పలుగా పడున్నదాన్ని జల్లెడ పట్టి, పనికొచ్చేదాన్ని తీసి, ఒక వ్యాఖ్య జోడించి పెట్టడం వాళ్ల పని. వీటిని వడపోత బ్లాగులు అనొచ్చు. ఆ తర్వాత పిటాస్, బ్లాగర్ వంటి ఉపకరణాలు వచ్చాయి. బ్లాగర్‌లో రాసేవారికి కనిపించేది ఒక ఖాళీ పెట్టె. లంకె ఇమ్మని అది అడగదు. ఇంత రాయమని, ఇలా రాయమని చెప్పదు. ఏమీ అడగని పెట్టె ముందు కూర్చున్న మనిషి ఏం రాస్తుంది? ఇవాళ ఏం జరిగిందో రాస్తుంది. అలా చిన్న చిన్న టపాల డైరీ బ్లాగు పుట్టుకొచ్చిందని బ్లడ్ విశ్లేషణ.

ఆమె మొగ్గు వడపోత వైపే. పత్రికలూ టీవీలూ చెప్పినదాన్ని ప్రశ్నించే శక్తి వడపోత బ్లాగుకే ఉందని ఆమె నమ్మకం. కానీ అదే వ్యాసంలో, రోజూ రాసే మనిషి తన చూపు మీద తనే నమ్మకం పెంచుకుంటుందని కూడా చెబుతుంది. ఈ రెండో మాట బరువు ఆమె పూర్తిగా గుర్తించలేదనిపిస్తుంది నాకు. తన చూపు మీద తనకు నమ్మకం కుదరడమన్నది ఎవరికి ఎక్కువ అవసరం? బయటి ప్రపంచం మీద వ్యాఖ్యానించే హక్కు పుట్టుకతోనే ఉన్నవాడికా, ఆ హక్కు ఉందని ఎవరూ చెప్పనిదానికా?

2003లో ఇండియానా విశ్వవిద్యాలయంలో సుసాన్ హెరింగ్ బృందం ఒక పని చేసింది. పేరున్న బ్లాగులను కాకుండా, ఏ ఎంపికా లేకుండా తీసిన 203 బ్లాగులను చదివారు. వాటిలో నూటికి 70 వ్యక్తిగత డైరీలు. వడపోత బ్లాగులు నూటికి 13 కూడా లేవు. ఏదో ఒక రంగంలోని జ్ఞానాన్ని పంచుకునేవి 3. బ్లాగంటే లంకెలు, చర్చలు అని ఊదరగొడుతున్న రోజుల్లో, నిజం బ్లాగుల్లో లంకెలూ వ్యాఖ్యలూ తక్కువేనని కూడా తేలింది. 2004లో అదే బృందం మరో వ్యాసం రాసింది. ఓడ మునిగేటప్పుడు ముందు ఆడవాళ్లనీ పిల్లల్నీ దింపండి అనే మాటను తిరగేసి, 'ఆడవాళ్లూ పిల్లలూ ఆఖర్న' అని పేరు పెట్టారు. బ్లాగులు రాసేవాళ్లలో స్త్రీలూ టీనేజి పిల్లలూ పెద్ద సంఖ్యలో ఉన్నారు. అయినా పత్రికలూ, పరిశోధకులూ, బ్లాగర్లే రాసుకున్న చరిత్రలూ మాత్రం వయసొచ్చిన మగవాళ్ల వడపోత బ్లాగులనే అసలైన బ్లాగులుగా చూపించాయని వాళ్ల వాదన. ఇది జరిగిన ఏడాదికే, 2005లో, అమెరికా రాజకీయ బ్లాగర్లు 'ఆడ బ్లాగర్లు ఏరీ?' అని అమాయకంగా ఆశ్చర్యపోయారు. ఉన్నారు. కనిపించని అరలో ఉన్నారు.

ఈ అధ్యయనానికి మనం రుణపడి ఉంటాం. అయితే ఒక మాట. హెరింగ్ బృందం కూడా పెట్టెలను మార్చలేదు. బయటి విషయం రాస్తే వడపోత, లోపలి విషయం రాస్తే డైరీ అని లెక్కగట్టింది. ఇల్లూ బయటా అన్న ఆ పాత గీతనే వాళ్లూ వాడుకున్నారు. ఆ గీతకు ఇవతల ఎంతమంది ఆడవాళ్లున్నారో చూపించడం ఒక పని. గీత నిలుస్తుందా అని అడగడం ఇంకో పని. రెండోది అంకెలతో తేలేది కాదు. చదవాలి.

రివర్‌బెండ్‌ని చదువుదాం.

2003 ఆగస్టు 17న బాగ్దాద్ నుంచి ఇంగ్లీషులో ఒక బ్లాగు మొదలైంది. పేరు 'బాగ్దాద్ బర్నింగ్'. రాస్తున్నది ఇరవై నాలుగేళ్ల ఇరాకీ యువతి అని తప్ప ఆమె అసలు పేరు ఎప్పుడూ బయటికి రాలేదు. ఇంట్లోవాళ్లను కూడా అక్షరాలతో చెబుతుంది. తమ్ముడు 'ఇ'. యుద్ధానికి ముందు ఆమె కంప్యూటర్ ప్రోగ్రామర్, తోటి మగవాళ్లతో సమానమైన జీతం. యుద్ధం తర్వాత ఆఫీసుకు వెళితే, ఆడవాళ్లకు రక్షణ ఇవ్వలేం, రావద్దని చెప్పి పంపేశారు. ఆ రోజు గురించి ఆమె రాసిన టపా ఏ పెట్టెలోకి వస్తుంది? ఉద్యోగం పోయిన ఒక అమ్మాయి దుఃఖం కాబట్టి డైరీ అందామా? ఆక్రమణలో ఉన్న దేశంలో చదువుకున్న స్త్రీలు ఒక్కొక్కరుగా ఇంటికి ఎలా చేరిపోయారో చెప్పే సాక్ష్యం కాబట్టి ఇంకేమన్నా అందామా? కరెంటు ఎన్ని గంటలు ఉంటుందో, నీళ్లు ఎప్పుడు పట్టి పెట్టుకోవాలో, తోడు మగమనిషి లేకుండా బజారుకు ఎందుకు వెళ్లకూడదో ఆమె రాస్తుంది. ఆ వెంటనే అమెరికన్ పత్రికలో వచ్చిన వ్యాసానికి లంకె ఇచ్చి దాని తప్పులు పడుతుంది. పాలకమండలిలోకి వచ్చినవాళ్ల పుట్టుపూర్వోత్తరాలు వెటకారంగా చెబుతుంది. వడపోతా డైరీ ఒకే టపాలో, ఒక్కోసారి ఒకే వాక్యంలో కలిసిపోయి ఉంటాయి.

నేను తరగతిలో పదేపదే చదివించేది 2004 జనవరి నాటి టపా. అప్పటి ఇరాకీ పాలకమండలి 2003 డిసెంబరు చివర్లో 137వ తీర్మానం చేసింది. 1959 నాటి వ్యక్తిగత చట్టాన్ని పక్కనపెట్టి పెళ్లి, విడాకులు, వారసత్వం, పిల్లల సంరక్షణ వంటివన్నీ ఆయా మతశాఖల న్యాయానికి అప్పజెప్పడం దాని సారాంశం. బయటి ప్రపంచం పెద్దగా పట్టించుకోలేదు. రివర్‌బెండ్ ఆ పాత చట్టంలో ఆడవాళ్లకు ఏమేం ఉండేవో విడమరిచి చెబుతుంది. తాను మతవిశ్వాసం ఉన్న ముస్లిం స్త్రీనని దాచుకోదు. తన భయం షరియా మీద కాదని, దానికి అర్థం చెప్పే అధికారం ఎవరి చేతుల్లోకి పోతుందన్నదాని మీదని వివరిస్తుంది. ఈ సూక్ష్మం ఆ రోజుల్లో పశ్చిమ దేశాల స్త్రీవాదులు రాసినవాటిలో కూడా అరుదు. 'ముస్లిం స్త్రీని విముక్తి చేస్తున్నాం' అంటూ వచ్చిన సైన్యం నీడలోనే ఆ ముస్లిం స్త్రీకి మిగిలి ఉన్న హక్కులు కూడా పోబోతున్నాయని చెప్పినవాళ్లు ఎందరు? స్త్రీల నిరసనల తర్వాత 2004 ఫిబ్రవరిలో ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకున్నారు. కానీ ఆ బెడద పోలేదు. 2025 జనవరిలో ఇరాక్ పార్లమెంటు అదే 1959 చట్టాన్ని సవరించి, కుటుంబ వ్యవహారాలను మతశాఖల నిబంధనల ప్రకారం నడిపించుకునే వీలు కల్పించింది. ఇరవై ఒక్క ఏళ్ల కిందటి ఆ డైరీ పుట అప్పటికప్పుడు మళ్లీ ఆనాటి వార్తయిపోయింది.

ఇదే మనిషి వంటల బ్లాగు కూడా వేరే నడిపింది. దాని పేరు 'ఏదో మాడుతున్నట్టుంది' అన్న అర్థంలో ఉంటుంది. మండుతున్న బాగ్దాద్ ఒక పేజీలో, మాడుతున్న గిన్నె ఇంకో పేజీలో. ఈ శ్లేష చాలు, ఆమెకు ఇంటికీ బయటికీ మధ్య గీత ఎంత పలచనో చెప్పడానికి.

ఆమెను గుర్తించలేదని కాదు. బ్లాగు టపాలను అమెరికాలోని ఫెమినిస్ట్ ప్రెస్ 2005లో పుస్తకంగా వేసింది. అదే ఏడాది లెత్ర్ యులిసిస్ పురస్కారాల్లో మూడో బహుమతి వచ్చింది. అది రిపోర్టేజ్‌కి ఇచ్చే పురస్కారం కావడం నాకు ఆసక్తిగా అనిపిస్తుంది. డైరీగా ఉన్నంతకాలం అది అమ్మాయి డైరీ. గౌరవించాలనుకున్నప్పుడు దాన్ని డైరీ అరలోంచి తీసి రిపోర్టేజ్ అరలో పెట్టారు. అరల మధ్య ఉన్న ఎత్తుపల్లం అలాగే ఉండిపోయింది.

ఈ గుర్తింపుతో పాటే అనుమానమూ వచ్చింది. ఇంత మంచి ఇంగ్లీషు ఇరాకీ అమ్మాయికి ఎలా వస్తుందన్నారు. చిన్నప్పుడు కొన్నేళ్లు విదేశాల్లో పెరిగానని ఆమె సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. ఇలాంటిదే లండన్‌లో 2003లో మొదలైన 'బెల్ ద జూర్' బ్లాగుకూ జరిగింది. తాను ఖరీదైన కాల్‌గర్ల్‌నని చెప్పుకుంటూ, చురుకైన భాషలో రాసిన ఆ బ్లాగు వెనుక ఉన్నది ఎవరో మగ రచయితేనని పత్రికలు ఏళ్ల తరబడి ఊహించాయి. 2009లో బయటపడ్డ మనిషి బ్రూక్ మాగ్నంటి, ఒక శాస్త్రవేత్త. మరి 2011లో ఏం జరిగింది? 'డమాస్కస్‌లో ఒక గే అమ్మాయి' అనే బ్లాగును ప్రపంచమంతా నమ్మింది. ఆమెను అపహరించారన్న వార్తకు విలవిల్లాడింది. కొద్దిరోజుల్లోనే తేలిందేమిటంటే, రాస్తున్నది టామ్ మాక్‌మాస్టర్ అనే అమెరికన్, ఎడిన్‌బరోలో చదువుకుంటున్న నలభయ్యేళ్ల పెళ్లయిన మగవాడు. స్త్రీ నిజంగా రాస్తే మగవాడేమోనని అనుమానం, మగవాడు స్త్రీగా రాస్తే ఎంత సహజంగా ఉందోనని మెప్పు. అతను రాసింది అరబ్బు స్త్రీ ఎలా ఉంటుందని పశ్చిమ పాఠకులు అనుకుంటున్నారో అచ్చంగా అలాంటి స్త్రీని. ఎదురు చూసినదే దొరికినప్పుడు ఎవరు ప్రశ్నిస్తారు?

డైరీ రాసుకుంటే చిన్నచూపు, వృత్తి విషయాలు రాస్తే గౌరవం అనుకోవడానికీ లేదు. కాతీ సియెర్రా ప్రోగ్రామింగ్ పుస్తకాల రచయిత. ఆమె బ్లాగు వృత్తి విషయాల గురించి. 2007 మార్చిలో చంపేస్తామన్న బెదిరింపులు, అసహ్యకరమైన బొమ్మలు వచ్చాయి. ఆమె బ్లాగు మానేసింది. హెరింగ్ పెట్టెల్లో అది జ్ఞానం పంచుకునే బ్లాగు. బెదిరించినవాళ్లు పెట్టె చూడలేదు.

అందుకే నాకు లైవ్‌జర్నల్ మీద ఆసక్తి. 1999లో మొదలైన ఈ వేదికను బ్లాగుల చరిత్రకారులు పిల్లల ఆటగా చూశారు. రాసేవాళ్లలో దాదాపు మూడింట రెండు వంతులు ఆడవాళ్లు, అందులోనూ చిన్నవయసువాళ్లు. ఇక్కడ ప్రతి టపాకూ తాళం ఉంటుంది. అందరికీ తెరవొచ్చు, ఎంచుకున్న స్నేహితులకే తెరవొచ్చు, పూర్తిగా తనకే ఉంచుకోవచ్చు. అచ్చయితే లోకమంతా, అచ్చవకపోతే బీరువాలో అన్న రెండే దారులు తెలిసిన స్త్రీ రచనకు మధ్యలో ఒక మెట్టు దొరికింది. మన అమ్మమ్మల కాలంలో ఆ మెట్టు ఉత్తరం. ఒకరికి రాసిన ఉత్తరం నలుగురు అక్కచెల్లెళ్లు చదువుకుని జవాబిచ్చేవాళ్లు. ఇది వడపోతే. అయితే ఇక్కడ వడగట్టేది విషయాన్ని కాదు, పాఠకుల్ని. వినేవాళ్లు ఎవరో తనే నిర్ణయించుకునే అధికారాన్ని ఒక సాహిత్య లక్షణంగా మన విమర్శ ఇంకా చర్చించలేదు.

ఇంటి గురించి రాయడం తనంతట తానే తిరుగుబాటు అయిపోదు. ఇది కూడా చెప్పుకోవాలి. 2005 జులైలో కాలిఫోర్నియాలోని సాంటాక్లారాలో ముగ్గురు స్త్రీలు నిర్వహించిన తొలి 'బ్లాగ్‌హర్' సభలో, అమ్మలు బ్లాగులు రాయడం విప్లవాత్మకమైన పని అని ఎలిస్ బ్రాడ్లీ అంది. ఆ మాట ఊరికే రాలేదు. 'మామీ బ్లాగర్' అన్నది అప్పటికే వెక్కిరింపు. హెదర్ ఆర్మ్‌స్ట్రాంగ్ 2001లో 'డూస్' బ్లాగు మొదలుపెట్టి, తోటి ఉద్యోగుల మీద వ్యంగ్యంగా రాసినందుకు 2002లో ఉద్యోగం పోగొట్టుకుంది. రాసినందుకు కొలువు ఊడటానికి ఆమె బ్లాగు పేరే ఇంగ్లీషులో క్రియాపదమైపోయింది. 2004లో బిడ్డ పుట్టాక వచ్చిన కుంగుబాటు గురించి, ఆసుపత్రిలో చేరడం గురించి దాపరికం లేకుండా రాసింది. తల్లి అయిన వెంటనే ఏడుపు రావడం పాపం కాదని వేలమంది స్త్రీలు మొదటిసారి విన్నది ఆమె నోటే. ఆ తర్వాత ప్రకటనలు వచ్చాయి, కుటుంబమంతా ఆ బ్లాగు ఆదాయం మీద బతికింది. ఇల్లు వస్తువైనంతకాలం సాహిత్యం. ఇల్లే సరుకైనప్పుడు? నవ్వుతున్న పిల్లల ఫొటోలు రోజూ కావాలి, సంసారంలో బీటలు కనిపించకూడదు. మాట నేర్వని పిల్లల కథ అమ్మడం ఎంతవరకు న్యాయమన్న ప్రశ్న అడగడానికి మనం మొహమాటపడనక్కర్లేదు. దీర్ఘకాలం కుంగుబాటుతో పోరాడిన ఆర్మ్‌స్ట్రాంగ్ 2023 మేలో చనిపోయింది. ఆమె మొదట రాసిన టపాలకూ తర్వాత రాసినవాటికీ మధ్య ఉన్న తేడా ఇప్పుడు చదివితే కళ్లకు కడుతుంది. మొదటివాటిలో ఆమె ఎవరినీ మెప్పించనక్కర్లేదు.

తెలుగుకు వస్తే, మనకు వెబ్‌లో ముందు తెగాల్సిన ముడి లిపి. టైపు మిషను నేర్చుకోని, ఆఫీసు మొహం చూడని స్త్రీకి కంప్యూటర్‌లో తెలుగు అందని పండే. యూనికోడూ, 'లేఖిని' వంటి ఉపకరణాలూ వచ్చాక ఇంగ్లీషు అక్షరాల్లో 'అమ్మ' అని కొడితే తెరమీద తెలుగులో అమ్మ వచ్చింది. అమెరికాలో వీసా కారణంగా ఉద్యోగం చెయ్యలేని భార్యలూ, రిటైరైన టీచర్లూ, పిల్లలు బడికి వెళ్లాక దొరికే రెండు గంటల్లో రాసే ఇల్లాళ్లూ ఆ దారినే వచ్చారు. కూడలి, జల్లెడ, హారం, మాలిక వంటి సంకలినుల్లో కొత్త టపాలన్నీ ఒకే వరసలో కనిపించేవి. కవి టపా పక్కన కందిపొడి టపా. సాహిత్య పత్రికలో ఎన్నడూ జరగని పొరుగు అది. అందుకే గొణుగుడూ మొదలైంది. ఆడవాళ్ల బ్లాగులంటే వంటలు, పండగలు, పిల్లల ముచ్చట్లు, సొంత సోది అన్నారు. మగవాళ్లు చిన్ననాటి ఊరి కబుర్లు రాస్తే అవి జ్ఞాపకాలు. ఆడవాళ్లు రాస్తే సోది. రెండింటిలోనూ అదే చెరువుగట్టు, అదే మామిడితోపు.

ఆ వెక్కిరింపును ముందే ఊహించినట్టు ఉంటుంది నిడదవోలు మాలతి తన బ్లాగులోని వ్యాసాలకు పెట్టుకున్న పేరు: 'ఊసుపోక'. యాభైల నుంచే కథలు రాస్తూ, 1973లో అమెరికా వెళ్లిన రచయిత్రి ఆమె. 2001లో 'తూలిక' అనే వెబ్ పత్రిక పెట్టి తెలుగు కథలను ఇంగ్లీషులోకి తెచ్చారు. ఆ తర్వాత తెలుగు బ్లాగులోకి వచ్చారు. 'ఊసుపోక' అంటే తోచక రాస్తున్నది, పట్టించుకోనక్కర్లేదు అని కదా. లోపలికి వెళితే తెలుగు రచయిత్రుల్ని విమర్శ ఎలా చూసింది, ప్రవాసంలో భాష ఏమవుతుంది, ముసలితనంలో ఒంటరి ఆడదాని రోజు ఎలా గడుస్తుంది వంటివన్నీ చమత్కారంగా, పక్కింటావిడతో మాట్లాడుతున్న గొంతుతో సాగుతాయి. ఆ గొంతును శిల్పంగా చూడం మనం. అదే గొంతు మగవాడిదైతే ఇంగ్లీషు ఎస్సేయిస్టులతో పోల్చి ఎంత మురిసిపోయేవాళ్లమో!

కల్పనా రెంటాల 'తన్హాయి' ఇంకో ఉదాహరణ. అది ఆమె 'తూర్పు-పడమర' బ్లాగులో సీరియల్‌గా వచ్చి, 2011లో నవలగా అచ్చయింది. పెళ్లయిన స్త్రీకి వేరొకరి మీద కలిగిన ప్రేమ దాని వస్తువు. వారపత్రిక సీరియల్‌కు పాఠకుల ఉత్తరం వారానికో రెండు అచ్చవుతాయి, అదీ ఎడిటర్ ఎంచుకున్నవి. ఇక్కడ భాగం పడ్డ గంటకే పాఠకులు కల్హార చేసింది తప్పా ఒప్పా అని వాదనకు దిగగలరు, రచయిత్రి కూడా ఆ వాదనలో ఉండగలదు. వివాహం గురించి తెలుగు మధ్యతరగతి మనసులో ఏముందో తెలుసుకోవాలంటే నవల ఎంత ముఖ్యమో ఆ వాదనా అంతే ముఖ్యం. స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు, పోరాటంలో ఉన్న స్త్రీలు నోటితో చెప్పుకున్న మాటలు చరిత్రకు ఆధారమవుతాయని మనం ఒప్పుకున్నాం. పిల్లల్ని విడిచిపెట్టి దళంలోకి వెళ్లిన తల్లి కన్నీటిని సొంత గొడవ అనలేదు. మరి ఆ చెవి బ్లాగుల దగ్గర ఎందుకు మూసుకుపోయింది? విహంగ, పుస్తకం.నెట్ వంటివి ఆడవాళ్లు పూనుకుని నడిపినవే. అయినా విశ్వవిద్యాలయాల్లో పరిశోధనకు అంశం అడిగే విద్యార్థినికి మనం ఇప్పటికీ అచ్చు పుస్తకాల జాబితానే ఇస్తాం.

జాబితా మార్చుకుందామని ఇప్పుడు అనుకున్నా చాలా పేజీలు దొరకవు. 1998లో మొదలైన 'ఓపెన్ డైరీ' 2014లో మూతపడి, 2018లో మళ్లీ తెరుచుకుంది. లైవ్‌జర్నల్‌ను 2007లో ఒక రష్యన్ కంపెనీ కొన్నది, 2016 చివర్లో దాని సర్వర్లు రష్యాకు తరలిపోయాయి. ఎన్నో బ్లాగులకు ఇల్లయిన టైప్‌ప్యాడ్ 2025 సెప్టెంబరు చివరన ఆగిపోయింది. మన సంకలినుల్లోనూ కొన్ని లేవు. ఎవరో నిషేధించి తగలబెట్టింది కాదు ఇది. అద్దె ఇల్లు ఖాళీ చేయించినట్టు, నోటీసు ఇచ్చి ఖాళీ చేయించారు. మిగిలేది పుస్తకమైనవి. ఏవి పుస్తకమవుతాయో నిర్ణయించేది మళ్లీ ఆ పాత వడపోతే.

పుస్తకం కావడంలో ఇంకొకటి కూడా జరుగుతుంది. బ్లాగులో కొత్త టపా పైన ఉంటుంది, పాతవి కిందికి జారుతూ పోతాయి. పుస్తకం దాన్ని తిరగేస్తుంది: మొదలు, నడుమ, ముగింపు. రివర్‌బెండ్ పుస్తకాన్ని 2003 నుంచి మొదలుపెట్టి, తర్వాత ఏమవుతుందోనని ఆత్రంగా చదువుతాం. ఆమె బ్లాగును ఉన్నది ఉన్నట్టు చదివితే ముందు ఎదురయ్యేది 2013 ఏప్రిల్ టపా. ఆక్రమణ జరిగి పదేళ్లయిందని గుర్తుచేస్తూ, ఐదున్నరేళ్ల మౌనం తర్వాత ఒక్కసారి రాసి వెళ్లిపోయినది. దాని కింద 2007 అక్టోబరు, సిరియాలో శరణార్థిగా. దాని కింద సెప్టెంబరు: మనిషికో పెట్టె చొప్పున సర్దుకుని, ఇంట్లో మిగిలినవన్నీ వదిలి సరిహద్దు దాటడం. ఇంకా కిందికి పోతే 137వ తీర్మానం, కరెంటు కోతలు, ఆఫీసులో ఇక రావద్దన్న మాట. ఆ ఇల్లు పోతుందని చదివేవారికి తెలుసు, రాస్తున్నామెకు తెలియదు. అన్నిటికన్నా అడుగున ఆగస్టు 17, తాను స్త్రీనని, ఇరాకీనని, యుద్ధంలో బతికి బయటపడ్డానని ముక్తసరిగా చెప్పుకున్న నాలుగు వాక్యాలు.